రంగం మేస్త్రి, మా అమ్మమ్మ

ఇంక జర దగ్గరికి జరుగుండ్రి. నెగడు సన్నగైంది. ఆ పెట్టె చెక్క ఇంకోటి వెయ్యి బిడ్డా, మొలలుంటయి, చూసి పట్టుకో.

ఇందాక మన వాచ్‌మన్ ఒక మాటన్నడు, విన్నరా? "కర్ర ఇంకోటి ఎయ్యమంటారేటమ్మా" అన్నడు. మీరు నవ్విండ్రు. నాకైతే పానం జల్లుమన్నది. ఆ 'ఏటి' అన్న మాట ఈ జాగల విని నలభై ఐదేండ్లు దాటింది. ఇదే జాగల. ఇప్పుడు కార్లు నిలబెడుతున్నరే, అక్కడనే మా ఇంటి వాకిలి. వాకిట్ల వేపచెట్టు, చెట్టు కింద నులక మంచం, మంచం మీద మా తాత. "ఏటే గుంటా, తిన్నావేటి?" అని అడిగేటోడు.

తాత ముచ్చట మీకు సగం తెలుసు. రంగూన్ నుంచి నడిచొచ్చిండని మీ అమ్మ చెప్పే ఉంటది. అమ్మమ్మ ముచ్చట ఎవ్వరూ చెప్పరు. నడిచొచ్చినోని కథ అందరికీ కావాలె. వచ్చినోన్ని నిలబెట్టుకున్నామె కథ ఎవరికి పట్టింది? అందుకే ఇయ్యాల ఆమెది చెప్త.

అప్పట్ల సోమాజిగూడ అంటే ఊరు కాదు, పట్నం కూడ కాదు. సోనాజీ అనేటాయన పేరు మీద సోనాజీగూడ అయిందనీ, అది నోట్ల తిరిగి సోమాజిగూడ అయిందనీ పెద్దోళ్లు చెప్తుండె. ఆ దిక్కు రాజ్‌భవన్ ఉన్నది చూడు, దాన్ని షా మంజిల్ అనేటోళ్లు, నిజాం దివాన్లు ఉండే కొలువు. ఈ దిక్కు గుట్ట మీద నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన ఎర్రమంజిల్. నడుమ అంతా బంగ్లాలు, బంగ్లాల చుట్టూ బాగులు. మామిడి, జామ, సీతాఫలం, మల్లె పందిళ్లు, అంగూరు పందిళ్లు. అనాబ్‌-ఎ-షాహీ అని హైదరాబాద్ అంగూరుకు దేశమంతా పేరు. ఆ బంగ్లాల ఎనక దిక్కు గుడిసెలల్ల మాలీలు, ధోబీలు, బండి తోలేటోళ్లు. మా అమ్మమ్మ తండ్రి అట్లాంటి ఒక బంగ్లాల మాలి.

అమ్మమ్మకు పుర్రచెయ్యి. ఎడమ చేత్తోనే పూలు కట్టేది, ఎడమ చేత్తోనే కొడవలి పట్టేది. ఆడపిల్లకు పుర్రచెయ్యి మంచిది కాదని వాళ్లమ్మ చేతికి గుడ్డ చుట్టి ఉంచిందట. విప్పుకున్నది. మల్ల చుట్టింది. మల్ల విప్పుకున్నది. ఆఖరుకు తల్లే ఊకున్నది. పొద్దుగాల నాలుగ్గొట్టంగ లేచి మల్లెలు కోసి, మూర మూర కట్టి, గంపల తడిగుడ్డ పరిచి, నెత్తి మీద పెట్టుకొని బేగంపేట మీదుగ మోండా మార్కెట్ దాక నడిచేది. తెల్లారేసరికి లష్కర్ల ఉండాలె. లష్కర్ అంటే సికింద్రాబాద్, మీకెవ్వరికీ ఎరుక లేదు ఆ పేరు.

తొమ్మిదేండ్లకు ఆమెకు లగ్గం చేసిండ్రు. పదమూడేండ్లకు ఆ పిల్లగాడు గత్తరల పోయిండు. గత్తరంటే కలరా. ఆమె ఆయన ముఖం సరిగ చూసింది కూడ లేదు. "నాకు ఆయన చెప్పుల చప్పుడే యాదికున్నది బిడ్డా, కిర్రు కిర్రుమంటుండె" అనేది. అంతే. ఇంకేం చెప్పకపోయేది. తల్లిగారింటికే వచ్చి పూలగంప ఎత్తుకున్నది.

ఎనిమిదేండ్లట్ల గడిచినయి. 1943 ఎండకాలం.

బంగ్లాల కొత్త తలుపులు పెట్టిస్తున్నరు. టేకు తలుపులు. మేస్త్రి తెచ్చిన నలుగురు పనోళ్లల్ల ఒకడు ఎవ్వరితోని మాట్లాడడు. పొద్దంత రందా కొడుతనే ఉంటడు. నల్లగ, బక్కగ, కాళ్ల పిక్కల మీద అంత పెద్ద మచ్చలు. నడుముకు గళ్ల లుంగీ, దాని ముడి మన తీరు కాదు, ముందర గట్టిగ మెలేసి దోపుకుంటడు. పగటాళ్ల బావి కాడికొచ్చిండు. అమ్మమ్మ నీళ్లు చేదుతున్నది.

"నీలున్నాయేటండీ?"

నీలి రంగు అడుగుతున్నడేమో అనుకున్నదట ఈమె. దోసిలి పట్టంగనే తెలిసి, చెంబుతోని పోసింది. ఆయన సగం తాగిండు. ఇంకా పోస్తుంటే ఆపిండు. నడుముకు కట్టుకున్న రేకు డబ్బా విప్పి, దాంట్ల పట్టుకొని, మూత పెట్టి, మూతను రెండు సార్లు ఒత్తి చూసుకొని, మల్ల నడుముకు కట్టుకున్నడు. బావి ఎదురుంగనే ఉన్నది. నాలుగడుగులు కూడ లేదు. గీ మనిషి నీళ్లు మూటకట్టుకుంటుండేందీ అని అమ్మమ్మ నిలబడి చూసిందట. ముప్పై ఏండ్ల తర్వాత నాకు చెప్పేటప్పుడు కూడ, చెయ్యి ఎత్తి, మూత రెండు సార్లు ఎట్ల ఒత్తిండో చేసి చూపిచ్చింది.

రెండో దినం వాళ్లమ్మ అడిగింది, ఏ ఊరు నాయనా అని.

"రంగం నుండి వచ్చీనానమ్మా."

ముసలామె రెండు చేతులు జోడించింది. మనకు రంగం అంటే ఏంది? బోనాల తెల్లారి లష్కర్ మహంకాళి గుడిల అమ్మవారు పూని, పచ్చికుండ మీద నిలబడి, ఆ ఏడు వానలెట్లుంటయో పంటలెట్లుంటయో చెప్తది, అది రంగం. ఆ రంగం నుంచి వచ్చిన మనిషంటే దేవుడు పూనిన మనిషనుకున్నది. "అయితే చెప్పు బిడ్డా, మా పిల్ల గతి ఏమైతది?" అని అడిగింది.

పాపం ఆయనకు ఏం సమజ్ కాలే. వాళ్ల దిక్కు, శ్రీకాకుళం దిక్కు, రంగూన్ పట్నాన్నే రంగం అంటరు. అయినా ఎదురుగ ముసలామె చేతులు జోడించి ఏడుస్తుంటే ఏదో ఒకటి అనాలె గద. "బాగుంటాదమ్మా, మరేటి బయిపడకు" అన్నడు. ఆ మాట ముసలామె సచ్చేదాక మరువలే. అదే ఆఖరుకు లగ్గానికి పనికొచ్చింది, చెప్త.

ఆయన కథ అమ్మమ్మకు ఒక్కసారే చెప్పలే. బావి కాడ ఇంత, తలుపు చెక్కుకుంట ఇంత.

ఆయన రంగూన్లనే పుట్టిండు. తల్లిదండ్రులది కళింగపట్నం దగ్గర పల్లె. ఆ రేవులకెల్లి, భీమిలి రేవులకెల్లి, విశాఖ, కాకినాడ రేవులకెల్లి ఓడలు పోతుండె. మేస్త్రీలు బయానా ఇచ్చి మనుషులను ఎక్కించేటోళ్లు. ధాన్యం మిల్లులు, కట్టె కోత మిల్లులు, రేవుల మూటలు మోసుడు, రిక్షాలు గుంజుడు, అన్నీ మన తెలుగోళ్లే. రంగూన్ల అప్పట్ల సగానికి మించి మనుషులు మన దేశపోళ్లే. కోరంగి రేవు నుంచి మొదట్ల పోయిండ్రని తెలుగోన్ని అక్కడ 'కోరంగీ' అనేటోళ్లు. మొత్తం మన దేశపోళ్లను 'కలా' అనేటోళ్లు.

1930ల తాత పదమూడేండ్ల పిల్లగాడు. రేవుల తెలుగు కూలీలు సమ్మె కట్టిండ్రు. కంపెనీలోళ్లు బర్మా కూలీలను దించిండ్రు. సమ్మె తెగంగనే, మే 26 నాడు, ఇగ మీతోని పనిలేదు పొండని బర్మావాళ్లను వాపస్ పంపిండ్రు. వాళ్ల కడుపు మండింది. ఆ మంట దొర మీదికి పోలే, ఎదురుంగ ఉన్న తెలుగు కూలి మీదికే పోయింది. వంద మందికి పైగ సచ్చిండ్రు. తాత వాళ్ల నాయనకు నడుము మీద దెబ్బ పడ్డది, మల్ల మూట ఎత్తలే. తల్లినీ పిల్లలనూ పక్కింటి బర్మా ఆమె తన ఇంటి మెట్ల కింద దాచింది. రెండు రాత్రులు. గిన్నెల నీళ్లు లోపలికి జరిపేదట, గుడ్డ కప్పి. అందుకే తాత నోట్ల బర్మావోళ్ల గురించి చెడ్డ మాట ఎన్నడూ వినలే. కొట్టినోన్ని మరిచిండు, గిన్నె జరిపినామెను మరువలే.

నాయన పోయినంక కట్టె పనిల పడ్డడు. టేకంటే వాసన చూసి చెప్పేటోడు ఎన్నేండ్ల మానో.

1941 డిసెంబర్ 23 నాడు జపాన్ వాళ్ల బాంబులు పడ్డయి రంగూన్ మీద. రేవుల పని చేసేటోళ్లు పని ఇడిచి నడక పట్టిండ్రు. ఓడలు ఉన్నోళ్లకు. లేనోళ్లకు కాళ్లు. నాలుగు లక్షలకు పైగ మనుషులు అట్ల మన దేశానికి మళ్లిండ్రంటరు, శానా మంది నడిచే. తాత, వాళ్లమ్మ ప్రోం దాక పోయి, ఐరావతి నది దాటి, టాంగప్ కనుమ పట్టిండ్రు. వంద మైళ్లకు పైగ గుట్టలు, అడవి. పెద్దక్క లగ్గమై రంగూన్లనే ఉండె, ఆమె రాలే. ఆ కనుమల తిండి కంటే నీళ్లకు కరువట. వాగులల్ల పీనుగులు. మంచి నీళ్లు అణాలు పోసి గిలాస లెక్కన కొన్నరట. వాళ్లమ్మకు గత్తర తగిలింది. నీళ్లు, నీళ్లు అన్నదట. ఈయన డబ్బా తీసుకొని దిగువకు ఉరికిండు. నింపుకొని వచ్చేసరికి ఆమె లేదు.

అమ్మమ్మ ఈ ముచ్చట విన్ననాడు ఒక్కటే అన్నదట: "మా ఆయన గూడ గత్తరలనే పోయిండు." అంతే. ఇద్దరూ బావి గట్టు మీద ఊకనే కూసున్నరు.

అక్యాబు, చిట్టగాంగు, కలకత్తా, అక్కడికెల్లి రైలుల చికాకోల్ రోడ్. అదే ఇప్పటి శ్రీకాకుళం రోడ్. ఊళ్లె అడుగు పెట్టిన్నంక కొన్ని దినాలకే, 1942 ఏప్రిల్ 6 నాడు, విశాఖ మీద, కాకినాడ మీద కూడ జపాన్ బాంబులు పడ్డయి. "నా ఎనకాలే వచ్చీసింది బాంబు" అనేటోడు. ఊళ్లె చిన్నాయన పెదనాయనలు రంగపోడొచ్చాడన్నరు, పాలు అడుగుతడని ముఖం తిప్పుకున్నరు. రంగూన్ల కలా, సొంతూళ్లె రంగపోడు. ఒక సంవత్సరం చూసి, రైలెక్కి బెజవాడ మీదికెల్లి సికింద్రాబాద్ వచ్చిండు. ఇక్కడ దిగితే పైస కూడ వేరే. బ్రిటిష్ రూపాయిని కల్దార్ అనేటోళ్లు, మన నిజాంది హాలీ సిక్కా. కల్దార్ ఆరిస్తే హాలీ ఏడు. ఇక్కడ ఆయనకు ఇంకో పేరు దొరికింది, గైర్ ముల్కీ. అంటే ఈ ముల్కు మనిషి కాదని.

మూడు జాగలు, మూడు పేర్లు. ఏ ఒక్కటీ ఆయన పేరు కాదు.

లగ్గం మాట తీసింది అమ్మమ్మనే. వాళ్ల నాయన చేతిల గడ్డపార ఉండె, కింద పడేసిండట. బస్తీ పెద్దలు కూసున్నరు. ఇంటి పేరు ఎవ్వరికెరుక? కులమెవ్వడు చూసిండు? ముందుగాల పెండ్లాం లేదని ఎవ్వడు సాక్ష్యం చెప్తడు? వాళ్లు అడిగింది తప్పని నేను అనను. ఆడపిల్లను ఇచ్చేటోడు అడగాలె. కాకపోతే అడిగినోళ్లల్ల ఒక్కడు కూడ ఎనిమిదేండ్లల్ల ఈమె గురించి సోంచాయించినోడు కాదు, అది నాకు ఇప్పటికీ మండుతది.

అమ్మమ్మ గంప కింద పెట్టి, పెద్దల నడుమ నిలబడి అడిగిందట: "లష్కర్ల మహంకాళి యాడికెల్లి వచ్చింది?"

ఎవ్వరూ పలుకలే. అందరికీ ఎరుకే. సురిటి అప్పయ్య అనేటాయన పల్టన్ల డోలీ మోసేటోడు. పల్టన్ ఉజ్జయిని పోయింది. ఇక్కడ గత్తర లేసి జనం రాలిపోతుంటే, అక్కడి మహంకాళికి మొక్కుకున్నడు, మా ఊరు బతికితే నిన్ను మా ఊళ్లె నిలబెడుతనని. 1815ల వచ్చి కట్టె విగ్రహం చేయించి నిలబెట్టిండు. అదే ఇయ్యాల్టి గుడి.

"గత్తరకు మొక్కుకుంటే ఉజ్జయిని కెల్లి అమ్మ వచ్చింది. ఆమె కులమడిగిండ్రా? ఇంటి పేరడిగిండ్రా? బోనమెత్తుతున్నరు గద. ఈయన గూడ గత్తరల నుంచే నడిచొచ్చిండు."

అప్పుడు వాళ్లమ్మ లేచి, "రంగం చెప్పిండు, నా పిల్ల గతి బాగుంటదని రంగం చెప్పిండు" అన్నదట. ఆ ముసలామె ఇంకా అట్లనే అనుకుంటున్నది, ఎవ్వరూ దిద్దలే. తాత కూడ ఎన్నడూ దిద్దలే.

1944ల బల్కంపేట ఎల్లమ్మ కాడ లగ్గమైంది. మారుమనువు, అందుకని డప్పుల్లేవు, రెండు దండలు. దండలు ఆమెనే కట్టుకున్నది, పుర్రచేత్తోని. ఎల్లమ్మ తల్లి నేలకు పది అడుగుల లోతుల ఉంటది, బావిల ఊట పక్కన. మెట్లు దిగి ఆ నీళ్లు తీర్థం పుచ్చుకుంటరు. పూజారి దోసిట్ల పోస్తే తాత సగం తాగి, సగం డబ్బాల పోసుకున్నడు. అందరు చూస్తుండంగ. అమ్మమ్మ కొంగుతోని డబ్బా మూత తుడిచి ఇచ్చింది.

ఆయనకు ఆల్విన్ కార్ఖానాల పని దొరికింది. 1942ల పెట్టిండ్రు దాన్ని, ఎర్రగడ్డ అవతల, ఇప్పుడు సనత్‌నగర్ అంటున్నరే ఆ దిక్కు. నిజాం సర్కారు బస్సులకు బాడీలు కట్టేటోళ్లు. కట్టె పని బాగా చేస్తడని పేరు పడ్డది. బస్తీల 'రంగం మేస్త్రి' అన్నరు. ఈ పేరుకు మాత్రం ఆయన పలికేటోడు.

కాపురం మొదట్ల అమ్మమ్మకు యాష్ట పుట్టింది, అబద్ధమెందుకు. రాత్రి పండుకునే ముందర ఇంట్ల ఉన్న ప్రతి గిన్నె నింపాలె ఆయనకు. బిందె, గాబు, రంజన్, చెంబు, గిలాస, పిల్లల పాల గిన్నె దాక. గిన్నె ఖాళీగ కనపడితే నిద్ర పట్టదు. సడక్ మీద నల్లా ఒకటే. ఆమె పొద్దంత మోసిన నీళ్లు చాలక, పొద్దుమూకి మల్ల పోవాలె. ఒకనాడు కోపమొచ్చి ఒక గిన్నె కావాలనే బోర్లించి పెట్టింది. నడిరాత్రి మెలకువైతే ఆయన లేడు. చూస్తే వాకిట్ల చీకట్ల, ఆ గిన్నె పట్టుకొని కూసున్నడు. ఏడుస్తలేడు, ఏం లేదు. ఊకనే పట్టుకొని కూసున్నడు.

ఆ రాత్రి నుంచి గిన్నెలు ఆమెనే నింపింది. ఆయన లేచేసరికి అన్నీ నిండి ఉండేటియి. ఎన్నడూ ఆ మాట ఎత్తలే.

ఇంకోటి, ఆయన వాకిలి బయట, సడక్ పక్కకు, నాలుగు కాళ్ల టేకు పీట చేసి, దాని మీద కొత్త రంజన్ పెట్టిండు. మూత, ముంచుకునేటందుకు కట్టె కాడ ఉన్న డొక్కు. మన చలివేంద్రమే, కాకపోతే మనం ఎండకాలమే పెడతం. బర్మాల ఇంటి ముందర బాటసారులకు పన్నెండు నెలలు కుండ ఉంటదట. ధోబీ తాగిండు, టాంగా సాయబు తాగిండు, బంగ్లాల ఆయాలు తాగిండ్రు. మొదట్ల ఎవ్వరి ఇంటి నీళ్లు ఎవ్వరు తాగాలెనని గుసగుసలు పోయినోళ్లు కూడ మే నెల వచ్చేసరికి తాగిండ్రు.

తిండి కాడ కొట్లాటలు లేకపోలే. ఆయనకు వరి బువ్వ, ఎండు చేప. ఈమెకు జొన్న రొట్టె, పచ్చి పులుసు. సొరకాయను ఆయన ఆనపకాయ అంటడు. 'అప్ప' అంటే ఈమె రొట్టెలనుకునేది, ఆయనకు అక్క. రెండూ తెలుగే గద అంటరు. రెండు తెలుగులు ఒక్క కుండల ఉడకాలంటే దినాలు పడతది బిడ్డా.

1948ల రజాకార్ల భయం. సెప్టెంబర్ల ఇండియా ఫౌజు బయలుదేరిందన్నరు, 13 నాడు. తాత ఆ సాయంత్రం గోనె సంచి తీసి బియ్యం, డబ్బా, రందా, మా అమ్మ బట్టలు మూట కట్టిండు. మా అమ్మకు మూడేండ్లు. "నడిసీద్దాం" అన్నడట. అమ్మమ్మ ఆ సంచి ముందర కూసొని, ఒక్కొక్కటే తీసి, యాడిదాన్ని ఆడ పెట్టింది. బియ్యం కుండల పోసింది. రందా గూట్లె పెట్టింది. డబ్బా చిలక్కొయ్యకు తగిలేసింది. "నేను యాడికీ రాను. నువ్వు గూడ పోవు" అన్నది. 17 నాడు అంతా అయిపోయింది. ఇగ అప్పుడు భయం పక్కింటి సాయబుకు పట్టుకున్నది, దిక్కు దిక్కులకెల్లి ఏవేవో వార్తలు వస్తుండె. తాత చాప పట్టుకొని పోయి వారం దినాలు వాళ్ల అరుగు మీద పండుకున్నడు. అమ్మమ్మ వాళ్ల ఇంట్ల గిన్నెలు గూడ నింపొచ్చింది.

1952ల 'గైర్ ముల్కీ గో బ్యాక్' అని పోరగాండ్లు లేసిండ్రు. సిటీ కాలేజీ కాడ కాల్పులైనయి, పానాలు పోయినయి. వాళ్ల లొల్లిల న్యాయముండె. ఇక్కడ పుట్టినోళ్లకు దక్కాల్సిన కొలువులు దొంగ కాయిదాలతోని బయటోళ్లు తీసుకున్నరు, అది నిజం. తాత కూడ అదే అన్నడు, "ఆలు సెప్పిందే రైటు" అని. ముల్కీ కావాలంటే పదిహేనేండ్లు ఇక్కడుండాలె. తాతకు తొమ్మిదే. 1969 వచ్చేసరికి ఇరవై ఆరు నిండినయి, అయినా ఆ ఏడు జై తెలంగాణ లొల్లిల పిల్లలు నలుగురు వాకిట్లకొచ్చి, మేస్త్రీ ఆంధ్రోడంట గద అని అడిగిండ్రు. నాకు ఆరేండ్లు, అమ్మమ్మ కొంగు పట్టుకొని ఉన్న. నాకు మంచిగ యాదున్నది. అమ్మమ్మ డొక్కు ముంచి మొదటోని చేతికిచ్చి, "ఇవి యాడి నీళ్లు?" అని అడిగింది.

"గండిపేటయి."

"గండిపేట నీళ్లు తాగినోడు పట్నం ఇడిచిపోడంటరు గద. మా ఆయన ఇరవై ఆరేండ్ల సంది తాగుతుండు. నువ్వెన్నేండ్లాయె తాగవట్టి?"

ఆ పిలగానికి ఇరవై కూడ లేవు. తాగి, డొక్కు వాపస్ ఇచ్చి, పోయిండ్రు. ఆ పిల్లలు చెడ్డోళ్లు కాదు. వాళ్లల్ల ఒకడు తర్వాత తాత దగ్గరనే కట్టె పని నేర్చుకున్నడు.

ఇగ అసలు ముచ్చటకొస్త. ఇది ఆమె ఎవ్వరికీ చెప్పలే, నాకు చెప్పింది, నా లగ్గానికి ముందర రాత్రి.

1962ల బర్మాల ఫౌజు సర్కారు వచ్చింది. దుకాణాలు, మిల్లులు సర్కారు గుంజుకున్నది. 1964 మే నెలల యాభై, వంద నోట్లు చెల్లవన్నరు. తరాల సంది ఉన్న మనోళ్లు ఉత్త చేతులతోని ఓడలెక్కిండ్రు, మద్రాసుకు కొన్ని, విశాఖకు కొన్ని. విశాఖల కంచరపాలెం కాడ బర్మా క్యాంపు అట్ల అయిందే. 1965ల తాతకు ఉత్తరం వచ్చింది, పెద్దక్క వస్తుందని. ఇరవై మూడేండ్లాయె చూడక.

అమ్మమ్మ గూడ పోయింది. ఆమె సముద్రం చూసుడు అదే మొదలు, హుస్సేన్‌సాగర్ కంటే పెద్ద నీళ్లు చూడలేదాయె. రేవుల మనుషులు దిగుతున్నరు. ఆడోళ్లు కొందరు బర్మా తీరు లుంగీలు కట్టుకున్నరు, ముఖాలకు చందనం లెక్క ఏదో పూత. ఒక తెల్లజుట్టు ఆమె, చేతిల నల్ల లక్క డబ్బా ఒక్కటే, మెల్లగ దిగింది. తాతను చూసి ఒక మాటన్నది. తెలుగు కాదు.

"టమిన్ సా పీబీలా?"

తాత పలికిండు. గడగడ గడగడ పలికిండు. అమ్మమ్మ అన్నది, "బిడ్డా, ఇరవై ఏండ్లు కాపురం చేసిన, ఆయన గొంతు అంత ఉషారుగ ఉంటదని నాకు ఎరుక లేదు. చేతులు ఊపుకుంట, నవ్వుకుంట, ఏందేందో చెప్తుండు. ఇంకెవ్వడో మనిషి. నాకు తెల్వని మనిషి. నేను మూట పట్టుకొని పక్కకు నిలబడ్డ. అప్పుడు సమజైంది నాకు, ఈయన ఇన్నేండ్లు నా భాషల బతికిండు. నేను ఒక్క దినం ఆయన భాషల బతుకలే."

ఆ రాత్రి క్యాంపుల ఆమె ఆడిబిడ్డను అడిగింది, అప్పా, ఓడ దిగంగనే ఏమన్నవని. బువ్వ తిన్నవా అని అడిగిన, మా కాడ మనిషి కనపడితే అదే అడుగుతమన్నది ఆమె. అమ్మమ్మకు ఏడుపొచ్చింది. మనం అడిగేది గూడ అదే కదనే అన్నది. రాత్రంత ఆ ఒక్క ముక్క నోట్ల తిప్పుకున్నది. తెల్లారి తాత లేస్తుంటే ఎదురుంగ నిలబడి, మన యాసల, ఒత్తి ఒత్తి, "టమిన్ సా పీబీలా" అని అడిగిందట. ఆయన మంచం మీద కూసున్నోడు కూసున్నట్లే ఉండిపోయిండు.

ఆనాడు సంది దినాం అదే అడిగింది. నేను చిన్నప్పుడు అది తెలుగే అనుకున్న. బళ్లె ఒకనాడు టీచరమ్మను అడిగిన, టమిన్ సా పీబీలా టీచర్ అని. ఏం భాషనే అది అని ఆమె అడిగితే, మా ఇంటి భాష అన్న. ఏప్రిల్ నడుమ తాత మా మీద చెంబులతోని నీళ్లు కుమ్మరిచ్చేటోడు, అది వాళ్ల కొత్త సంవత్సరం. ఉగాది రెండు సార్లు వస్తదని అందరికీ చెప్పేదాన్ని.

పెద్దక్క రెండేండ్లు మాతోని ఉండి పోయింది. లక్క డబ్బా ఇప్పటికి నా అల్మారిల ఉన్నది, రేపు చూపిస్త.

తాత 1979ల పోయిండు. వానకాలం. ఆఖరు దినాలల్ల ఆయనకు తెలుగు రెండూ పోయినయి, బర్మా మాటలే మిగిలినయి. దవాఖానల డాక్టరుకు సమజ్ కాకపోతే అమ్మమ్మ చెప్పేది, నీళ్లడుగుతుండు, అక్కను పిలుస్తుండు అని. ఆమెకు వచ్చిన ముక్కలు పది కూడ ఉండవు. ఆ పదే సరిపోయినయి. ఆఖరు చెంబు ఆమెనే పట్టింది, పుర్రచేత్తోని. కనుమల ఆయన తల్లికి అందలేదు గద, ఆయనకు అందినయి.

అటెన్క పదిహేనేండ్లు బతికింది ఆమె. పూలు కట్టింది, నడుము వంగింది, గిన్నెలు నింపింది. అమ్మమ్మా, ఇప్పుడెవ్వరికని ఇన్ని గిన్నెలు అంటే పలికేది కాదు. సడక్ పెద్దగ చేసినప్పుడు వాకిలి పోయింది, రంజన్ పెట్టిన పీట పోయింది, వేపచెట్టు పోయింది. తర్వాత ఇల్లే పోయి ఈ ఐదంతస్తులు లేసినయి, మనకు రెండు ఫ్లాట్లు వచ్చినయి. డొక్కు మాత్రం నేను దాచిన. దాని టేకు కాడ ఒక దిక్కే అరిగి ఉంటది, ఎడమ బొటనవేలు ఆనే కాడ గుంటబడి. పట్టుకుంటే నా వేలు అండ్ల పట్టది, ఆమెది సన్నం వేలు.

చెక్కలు అయిపోయినయా? సరే, ఇగ లేద్దాం. పెద్దోడా, ఆ వాచ్‌మన్ రూము ముందర బిందె చూడు, రాత్రి పూట కింది నల్లా బంద్ చేస్తరు, వాళ్ల ఇంట్ల చిన్న పిల్ల ఉన్నది. పైకి పోయి మన ఇంట్ల నుంచి పట్టుకొచ్చి నింపు. నిండ నింపు. నెగడు మీద పొయ్యకు, అది అదే ఆరుతది.